అక్క చేతికి దొరికిన కాడ్మియం

ఎనభైల మొదట్లో సంగతి ఇది. అప్పటికి నా బీఎస్సీ అయిపోయి, వరంగల్ ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరి ఏడాది దాటింది. ఫ్యాక్టరీ అంటే ఒక రేకుల షెడ్డు. లోపల నాలుగు పొడుగు బల్లలు, వాటికి రెండు వైపులా స్టూళ్ల మీద కూర్చుని పనిచేసే పాతిక ముప్పై మంది ఆడవాళ్లు. హైదరాబాదులో కొలత పరికరాలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీకి మేము లోపలి పలకలు చేసి పంపేవాళ్లం. అరచేయంత బేకలైట్ పలక, దాని అంచున వరసగా బిగించిన చిన్న చిన్న ఇత్తడి చెవులు, ఆ చెవులకు అతికించిన రంగురంగుల వైర్లు. ఆ చెవుల్ని లగ్గులు అంటారు. ఆ మాట వినగానే మా ఆడవాళ్లకు లగ్గం, అంటే పెళ్లి, గుర్తొచ్చిందట. అందుకని వైరును లగ్గుకు అతికించడాన్ని లగ్గం చేయడం అనేవాళ్లు. "ఇయ్యాల పొద్దుగాల నుంచి ఎన్ని లగ్గాలు జేసినవే?" అని ఒకరినొకరు అడుక్కుని నవ్వుకునేవాళ్లు.

నా పని తనిఖీ. అతుకు గట్టిగా ఉందా, వైరు రంగు సరిగ్గా ఉందా చూసి, పలక వెనక ముద్ర వేయాలి. కెమిస్ట్రీ చదివినందుకు ఆ పనిలో పనికొచ్చేది ఏమీ లేదని లోలోపల కొంచెం దిగులుగా ఉండేది. ఒక రోజు హైదరాబాదు కంపెనీ నుంచి ఒక కాగితం వచ్చింది.

మా ఓనరుది బజారులో ఇనుప సామాన్ల దుకాణం నడిపే కుటుంబం. అన్నదమ్ములందరూ దుకాణంలోనే ఉండిపోతే, ఈయన మాత్రం కొత్త పని చేయాలన్న కోరికతో ఈ షెడ్డు పెట్టారు. ఇంగ్లిషు చదవడం వచ్చు గాని నమ్మకం తక్కువ. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా బల్ల దగ్గరికి తెచ్చారు.

"చెల్లె, జర సదివి చెప్పు. హైదరాబాదోళ్లు పంపిండ్రు. ఈ కాడ్మియం అంటే ఏంది?"

చదివాను. మా పలకలు పెట్టిన పరికరాలను హైదరాబాదు కంపెనీ ఓడలో సముద్రం అవతలి దేశానికి పంపుతుంది. ఇక మీదట తమ దేశానికి వచ్చే సరుకులో కొన్ని పదార్థాలు ఉండకూడదని ఆ దేశం వాళ్లు చెప్పారు. జాబితాలో అన్నిటికంటే పైన కాడ్మియం పూత ఉంది. సరుకు పంపిన ప్రతిసారీ, అందులో కాడ్మియం లేదని తనిఖీ చేసినవాళ్లు సంతకం పెట్టిన పత్రం కూడా పంపాలి.

"మన లగ్గుల మీద తెల్లగ మెరిసే పూత ఉంటది గద సార్, గదే కాడ్మియం" అన్నాను.

"అయితే ఏమైతది?"

"విషమంట సార్. ఒంట్లకు పోతే కిడ్నీలల్ల చేరి ఏండ్లకేండ్లు బయటికి రాదంట."

ఆయనకు అర్థం కాలేదు. "మీటరు లోపల, డబ్బా లోపల ఉండేది. ఒంట్లకెట్ల పోతది? మీటర్‌ను ఎవలన్న తింటరా?"

దానికి జవాబు కూడా ఆ కాగితంలోనే ఉంది. పరికరం పాతబడి పారేశాక దాన్ని కాలుస్తారు, లేదా పాతిపెడతారు. అప్పుడు పూత మట్టిలోకి, నీళ్లలోకి పోతుంది. మట్టిలోంచి పంటలోకి వస్తుంది. నేను చదివి చెప్తుంటే ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"పాతగైనంక అది ఎటు పోతదో గూడ ఆలోచన జేసిండ్రా?" అన్నారు మెల్లగా. "మనం ఇంక దాన్ని పుట్టియ్యనే లేదు గద!"

ఆ మాట నా మనసులో చాలా రోజులు తిరిగింది. మా పలక లారీ ఎక్కాక దాని బతుకు ఏమవుతుందో మేమెవరం ఎన్నడూ ఆలోచించలేదు. ఎక్కడో, మేము మ్యాపులో కూడా వెతుక్కోవాల్సిన దేశంలో, ఎవరో ఒకరు దాని చివరి రోజు దాకా ఆలోచించి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వరంగల్‌లోని ఒక రేకుల షెడ్డు దాకా వచ్చారు. నేను చదివిన చదువుకు ఇంత పొడుగు చేతులున్నాయని ఎవరూ చెప్పలేదు.

లగ్గులకు పూత వేసేది రైలు పట్టాల అవతల ఒక చిన్న షెడ్డులో. ఆ పని చేసే మనిషికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. అందరూ కాకా అనేవాళ్లు, నేనూ అదే అనేదాన్ని. ఆయన దగ్గర రెండు పెద్ద తొట్లుండేవి. ఎడమ తొట్టిలో కాడ్మియం, కుడి తొట్టిలో జింకు. సైకిలు సామాను, మోటారు బోల్టులు, మా లగ్గులు అన్నీ అక్కడికే వచ్చేవి. మసకబారిన ఇత్తడి ముక్కల్ని తీగకు గుచ్చి తొట్టిలో దించి, కరెంటు పెట్టి, కాసేపటికి పైకి తీసేవారు. తీసేసరికి అవి అప్పుడే పుట్టినట్టు తెల్లగా మెరుస్తుండేవి. ఎన్నిసార్లు చూసినా నాకు అది కొత్తగానే ఉండేది.

ఓనరు, నేను వెళ్లి కాగితం సంగతి చెప్పాం. కాకా తల ఊపారు. "గట్లనే సేటూ. ఇగ మీ లగ్గులన్నీ జింకు తొట్టిలనే ముంచుత."

సరుకుతో పాటు ఒక చీటీ మీద 'జింకు' అని రాసి పంపాలని నేను చెప్పాను. సరేనన్నారు. పని ఇంత తేలికా అనుకుంటూ తిరిగొచ్చాం.

జింకు లగ్గులు వచ్చిన రోజు షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. సోల్డరింగ్ ఐరన్ వేడి కొసతో ఎంత కాల్చినా లెడ్డు వాటి మీద నిలవదు. అతుకు వేయడానికి కరిగించే సోల్డరింగ్ తీగను మేమంతా లెడ్డు అనే అనేవాళ్లం. అది కరిగి గుండ్రటి పూసలా మారి జారి కింద పడేది. ఇంకాస్త సేపు ఐరన్ ఆనిస్తే లగ్గు కింద బేకలైట్ మాడి వాసన వచ్చేది. వేడెక్కిన లగ్గుల్ని పట్టుకుని పట్టుకుని ఆడవాళ్ల వేళ్లు బొబ్బలెక్కాయి.

ఆ షెడ్డులో అందరికంటే బాగా లగ్గాలు చేసేది ఒక అక్క. నెక్కొండ దగ్గరి పల్లె నుంచి రోజూ పాసింజర్ బండిలో వచ్చేది. నలభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి మిరప తోటల్లో కాయ ఏరి, కల్లంలో తాలు కాయను మంచి కాయ నుంచి వేరు చేసిన చేతులు. చదువు రాదు. షెడ్డు పెట్టిన కొత్తలో అందరికంటే ముందు పని నేర్చుకుని మిగతావాళ్లకు నేర్పింది ఆమే. మొదట్లో నన్ను మేడం అనేది, నెల తిరక్కుండానే పిల్లా అనడం మొదలుపెట్టింది.

"పిల్లా, గీ లగ్గులు మాట ఇంటలేవు" అంది ఆ రోజు.

"జర ఓపిక పట్టక్కా. కొత్త మాల్ గద."

"నాకు ఓపికున్నది. వీటికి లేదు" అని రెండు చేతులూ నా ముందు చాచింది. బొటనవేలూ చూపుడువేలూ తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

మరునాడు తర్వాతి సరుకు గురించి మాట్లాడటానికి కాకా దగ్గరికి వెళ్లాను. అక్క చేతులు నా కళ్లల్లోంచి పోలేదు.

"కాకా, మా ఆడోళ్ల చేతులు కాల్తానయి. లెడ్డు పట్టుకుంటలేదు. జర ఏమన్న జెయ్యరాదు?"

ఆయన పని ఆపి నన్ను చూశారు. "మస్తు కాల్తానయా?"

"బొబ్బలెక్కినయి కాకా."

"నువ్ ఫికర్ జెయ్యకు. నేన్ జూస్కుంట తీ బిడ్డా."

ఎలా చూసుకుంటారని నేను అడగలేదు. ఇంకాస్త శుభ్రంగా కడుగుతారేమో, ఇంకాస్త పలచగా వేస్తారేమో అనుకున్నాను. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆ తర్వాత వచ్చిన లగ్గులు అద్భుతంగా ఉన్నాయి. ఐరన్ తగలగానే లెడ్డు పరుచుకుని మెరిసేది. బల్లల దగ్గర మళ్లీ మాటలు, నవ్వులు. చీటీ మీద 'జింకు' అని కాకా వంకర అక్షరాలతో రాసి ఉంది. నేను పత్రం నింపి, కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. నా సంతకం ఓడ ఎక్కుతుందని ఆ రోజు ఇంటికి పోయి అమ్మకు రెండుసార్లు చెప్పాను. పెట్టెలు లారీలో హైదరాబాదు వెళ్లిపోయాయి.

మూడో రోజు అన్నాల వేళ, అక్క టిఫిన్ గిన్నె మూత పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పిల్లా, గా కాగితం మీద నువ్వు ఏమని రాసినవ్?"

"ఇండ్ల కాడ్మియం లేదని రాసినక్కా. ఎందుకు?"

"మరి ఇవి పాత లగ్గులే గద."

నాకు నవ్వొచ్చింది. "పాతవెట్లయితయ్? చీటీ మీద జింకని రాసున్నది, సూడు."

"చీటీ సంగతి నాకెర్కలేదు. లెడ్డు సంగతి ఎర్క."

మాట మామూలుగానే అంది, పోట్లాటకు రాలేదు. కాని ఆమె ముఖం చూశాక నా నవ్వు ఆగిపోయింది. నిజమో కాదో తేల్చుకుందామన్నాను. స్టోర్‌లో కాగితం రాకముందు వచ్చిన లగ్గులు కొన్ని మిగిలి ఉన్నాయి. అవి ఖాయంగా కాడ్మియం. ఆడవాళ్ల చేతులు కాల్చిన జింకు లగ్గులు కొన్ని ఉన్నాయి. ఇప్పటి కొత్తవి సరేసరి. మూడు రకాల్లోంచి పది చొప్పున తీసి, అడుగువైపు సూదితో ఎవరికీ కనిపించనంత చిన్న గీతలు గీశాను. మొదటి రకానికి ఒక గీత, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు. అన్నీ కలిపి ఒక పళ్లెంలో పోసి, అడుగు కనబడకుండా పట్టకారుతో ఒక్కొక్కటే ఆమె ముందు పెట్టాను. కంటికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేను గీతలు గీసినదాన్నే గాని, తిప్పి చూడకుండా ఏది ఏదో నేను కూడా చెప్పలేను.

అక్క ఐరన్ కొస తుడుచుకుంది. ఒక లగ్గుకు ఆనించింది. లెడ్డు తీగ తాకించింది. ఎడమ పక్కకు నెట్టింది. ఇంకొకటి. కుడి పక్కకు. చుట్టూ ఆడవాళ్లు చేరారు. సగంలో ఉండగా అక్క కళ్లు మూసుకుంది. లగ్గు ఎక్కడుందో వేలితో తడుముకుని, కళ్లు మూసుకునే ఐరన్ ఆనించి, పక్కకు నెట్టేది.

పని అయ్యాక చూస్తే బల్ల మీద మూడు కుప్పలు లేవు. రెండే ఉన్నాయి.

ఒక్కొక్కటీ తిప్పి చూశాను. కుడి కుప్పలో పది, అన్నిటికీ రెండు గీతలు. ఎడమ కుప్పలో ఇరవై. కొన్నిటికి ఒక గీత, కొన్నిటికి మూడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

"నీకెట్ల తెలిసిందక్కా?" అన్నాను.

"జింకుదైతే ఐరన్ పెట్టంగనే కొస జర ఎదురు తన్నుతది. ఇదైతే ఎండిన చెల్క నేల వాన నీళ్లు తాగినట్టు లెడ్డును తాగుతది" అంది. "గిండ్ల ఇచ్చంత్రమేమున్నది పిల్లా, రోజు జేసే పనే గద!"

మూడేళ్లు ప్రయోగశాలలో నిలబడి పట్టా తెచ్చుకున్నదాన్ని నేను. అయినా ఆమె చేతికి తెలిసింది నా కంటికి తెలియలేదు. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఆమె చెప్పింది నిజమైతే, నేను సంతకం పెట్టింది అబద్ధం మీద.

మరునాడు పొద్దున హన్మకొండలో నేను చదివిన కాలేజీకి వెళ్లాను. ఏ ఉప్పులో ఏ లోహం ఉందో కనిపెట్టే పరీక్షలు మాకు నేర్పిన సారు ఇంకా అక్కడే ఉన్నారు. సంగతి చెప్పగానే తెల్ల కోటు నా చేతికిచ్చి, "నువ్వే చెయ్. నేను చూస్తుంట" అన్నారు.

పలచటి యాసిడ్‌లో లగ్గును కొద్ది సేపే ఉంచాలి. పైపూత మాత్రమే కరగాలి, ఇత్తడి దాకా పోకూడదు. పోతే రాగి వచ్చి అంతా నల్లబడుతుంది. ముందు జింకు లగ్గు పూత కరిగిన నీళ్లలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు పంపాను; కాడ్మియం ఉంటే పసుపు రంగు రావాలి. గది అంతా కుళ్లిన గుడ్ల కంపు. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. తర్వాత కొత్త సరుకులోని లగ్గు. ఒక బుడగ, రెండు బుడగలు. మూడో బుడగకు పరీక్ష గొట్టం అడుగు నుంచి పసుపు రంగు లేచింది. సానరాయి మీద పసుపు కొమ్ము అరగదీస్తే వచ్చేంత చిక్కటి రంగు. చూస్తుండగానే గొట్టమంతా నిండింది.

భయంతో పాటు, నిజం చెప్పాలంటే, నాకు అది ఎంతో అందంగా కనిపించింది. సారు కూడా కాసేపు దాన్నే చూశారు.

"బొమ్మలేసేటోళ్లు ఈ పసుపుతోటే ఎండలు గీస్తరు" అన్నారు. "రంగుకేం, బంగారం. కడుపుల పడకుంటె సాలు." గొట్టాన్ని వెలుతురుకు పట్టి అడిగారు. "ఇది కాడ్మియమని నీకు మొదలు చెప్పిందెవరు?"

"మా షెడ్డుల ఒక అక్క. సోల్డరింగ్ చేస్తది. చదువుకోలే."

"గ్యాసు లేకుండ, గొట్టం లేకుండ?"

"కండ్లు మూసుకొని చెప్పింది సార్."

సారు గొట్టాన్ని స్టాండులో పెట్టి, "ఆమెను ఒకసారి చూడాలె" అన్నారు.

అక్కడి నుంచి నేరుగా బజారులోని ఓనరు దుకాణానికి వెళ్లాను. ఫోను ఉన్నది అక్కడే. గిరాకీల మధ్యే నిలబడి అంతా చెప్పాను. చివరికి, "సంతకం నాది సార్" అన్నాను.

ఆయన గిరాకీకి ఇవ్వబోయిన సామాను బల్ల మీద పెట్టేశారు. తర్వాత, "సంతకం నీదే. సరుకు నాది" అని ఫోను దగ్గరికి జరిగి హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేశారు.

లైను దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ కాసేపు నా మనసులో ఎన్నో లెక్కలు. పెట్టెలు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటాయేమో. ఎవరికీ తెలియదు. లగ్గు మీద పూత ఏమిటో కంటికి కనబడదు. ఏమీ జరగనట్టు ఉండిపోవచ్చు. ఆయన కూడా ఇదే ఆలోచిస్తున్నారేమో అనుకున్నాను. ఫోను మోగింది. లైనులో గరగర. ఆయన గట్టిగా అరవాల్సి వచ్చింది.

"మేం పంపిన పెట్టెలు తెరవకున్రి! అండ్ల కాడ్మియం ఉన్నది! అవు, లేదని రాసినం! తప్పు మాదే! మాదే అంటున్న!"

దుకాణంలో గిరాకీలు, పక్క దుకాణం వాళ్లు, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. బజారులో తరాలుగా మాట మీద బతికిన కుటుంబం ఆయనది. తన తప్పును తానే నలుగురి ముందు అంత గొంతుతో అరిచి చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా చూడలేదు. పెట్టెలు ఇంకా హైదరాబాదు గోదాములోనే ఉన్నాయని, వెనక్కి పంపుతామని, సరైన సరుకు వచ్చేదాకా కొత్త ఆర్డరు ఉండదని అవతలివాళ్లు చెప్పారు. "న్యాయమే" అని ఆయన ఫోను పెట్టేశారు.

సాయంత్రం ఇద్దరం కాకా షెడ్డుకు వెళ్లాం. నేను కోపంగా ఉన్నాను. ఓనరు అడగకముందే అన్నాను. "జింకని రాసి కాడ్మియం ఎందుకేసినవ్ కాకా?"

ఆయన ఆశ్చర్యపోయారు. దాచలేదు. "నువ్వే అన్నవ్ గద బిడ్డా, ఆడోళ్ల చేతులు కాల్తానయని. జింకు మీద లెడ్డు పట్టదు. కాడ్మియం మీద పట్టుకుంటది. ఆళ్లకు సుఖమైతదని ఎడమ తొట్టిల ముంచిన. చీటీ నువ్వు రాయమన్నవని రాసిన. అది గంత పెద్ద ముచ్చటని నాకేమెర్క?"

నా కోపమంతా దిగిపోయింది. జాలితో అడిగింది నేను, జాలితో చేసింది ఆయన. మధ్యలో ఉండాల్సిన ఒక్క మాట ఎవరమూ అనలేదు. కాడ్మియం అంటే ఏమిటో, ఎందుకు వద్దంటున్నారో ఆ రోజు ఆయనకు మేం చెప్పనేలేదు. 'ఇది వద్దు, అది వెయ్యి' అని మాత్రమే చెప్పాం. ఇప్పుడు కూర్చుని చెప్పాను. కిడ్నీల సంగతి, మట్టి సంగతి, పంటల సంగతి. ఆయన వింటూ తన చేతుల్ని చూసుకున్నారు. గోళ్ల చుట్టూ చర్మం పగిలి ఉంది.

"మీటరు పాతగయ్యి, పారేసినంక, మట్టిల కలుస్తదని గాళ్లకు గంత భయమా?" అన్నారు. "మరి ఇరవై ఏండ్ల సంది నేను గీ తొట్టిల చేతులు పెడ్తాన. నా కోసం ఎవలన్న కాగితం రాసిండ్రా?"

ఓనరు లేచి ఎడమ తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డారు. "నాకు ఎర్కలేకపాయె. ఇగ దీన్ని ఖాళీ జేద్దాం" అన్నారు. మురుగు మోరీలోకి వదిలేయాలని మాత్రం ఎవరూ అనలేదు. ఎలా ఖాళీ చేయాలో కూడా ఎవరికీ తెలియదు.

లగ్గుల సమస్య అలాగే ఉంది. జింకు మీద లెడ్డు పట్టదు, కాడ్మియం కూడదు. ఇంట్లో మా నాన్నతో (మేం బాపు అనేవాళ్లం) ఈ గోడు చెప్పుకున్నాను. మాది ఇత్తడి గిన్నెల దుకాణం. బాపు అన్నం కలుపుకుంటూ, "మీ లగ్గులు ఇత్తడియే గద?" అని అడిగారు.

"అవు బాపూ."

"ఇత్తడి గిన్నెల పులుసు చిలుమెక్కకుంట ఏం జేస్తం?"

"కళాయి పెట్టిస్తం." ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నాకు అర్థం కాలేదు. కళాయి అంటే తగరం. తగరం మీద లెడ్డు పట్టినంత బాగా ఇంకెక్కడా పట్టదు. పుస్తకంలో చదివాను కూడా. వంటింట్లో రోజూ చూసేది తలకెక్కలేదు.

మా దుకాణానికి కళాయి పెట్టే మనిషిని బాపు మా షెడ్డుకు పంపారు. అతను నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, కొలిమితిత్తి పెట్టుకున్నాడు. మూకుడులో తగరం కరిగించాడు. లగ్గుల్ని పూత పట్టేందుకు నవాసారం పొడిలో దొర్లించి, జల్లెడ గరిటెతో తగరంలో ముంచి, ఒక్క విదిలింపు విదిలించి నీళ్లలో వేశాడు. చుయ్‌మన్న చప్పుడు, తెల్లటి పొగ. పొగ పోయాక చూస్తే నీళ్ల అడుగున లగ్గులు వెన్నెల ముక్కల్లా ఉన్నాయి. అక్క ఒకటి తీసుకుని తుడిచి ఐరన్ ఆనించింది. ఆమె ఏమీ చెప్పకముందే పెదవులు విచ్చుకున్నాయి. "ఇది లగ్గమంటే" అంది.

నేను కొన్నిటిని కాలేజీకి తీసుకుపోయి పరీక్ష చేశాను. ఈసారి గొట్టంలో పసుపు రాలేదు. తగరానికి రావలసిన గోధుమరంగు మాత్రమే వచ్చింది. వెనక్కి వచ్చిన పలకల లగ్గులన్నీ ఊడబీకి మళ్లీ చేశాం. ఆ నెలంతా అదే పని. హైదరాబాదువాళ్లు పలకలు తీసుకున్నారు. నన్ను అడక్కుండానే ఓనరు అక్కను తనిఖీ బల్ల దగ్గరికి మార్చారు. వచ్చిన ప్రతి సరుకునూ మొదట ఆమె ఐరన్‌తో తాకి చూశాకే నేను చీటీ చదవాలని పద్ధతి పెట్టారు.

అన్నట్టే సారు ఒక శనివారం అక్కను చూడటానికి మా షెడ్డుకు వచ్చారు. ఆమె చేతి పని చూసి, మా కాలేజీ పిల్లలకు చూపించాలమ్మా అన్నారు. అక్క సిగ్గుపడి, మళ్లీ పనిలో పడింది. ఒక చేత్తో వైరు, ఇంకో చేత్తో ఐరన్. లెడ్డు తీగను పళ్లతో పట్టుకుంది. షెడ్డులో అందరూ అలాగే చేస్తారు.

సారు ముఖం మారిపోయింది. "తల్లీ, అది నోట్లకెల్లి తియ్యి."

అక్క తీసి, "ఎందుకు సార్? గా కాగితంల లెడ్డు పేరు గూడ ఉన్నదా?" అని అడిగింది.

"లేదు."

"మరి?"

"కాగితంల లేనిదల్లా మంచిదని కాదు తల్లీ. లెడ్డంటే సగం సీసమే. సీసం గూడ విషమే."

నేను తల దించుకున్నాను. లెడ్డు అన్న మాటకు అర్థం సీసమేనని నాకు తెలియదా? తెలుసు. రోజూ అంటున్న మాటే. కాగితం కాడ్మియం అడిగింది గనుక నేను కాడ్మియం ఒక్కటే వెతికాను. మా ఆడవాళ్లు అదే చేత్తో అన్నం కలుపుకు తింటుంటే పక్కనే కూర్చుని నేనూ తిన్నాను.

అక్క మాత్రం నింద వేయలేదు. తీగను బల్ల మీద పెట్టి, "అయితే పట్టుకునేటందుకు ఏమన్న జెయ్యున్రి" అంది. ఆ వారంలోనే ఓనరు తన దుకాణంలోని ఇనుప పట్టీలు వంచి, లెడ్డు తీగ నిలబడే స్టాండ్లు చేయించారు. షెడ్డు బయట నల్లా పెట్టించి సబ్బు ఉంచారు. చేతులు కడగకుండా గిన్నె మూత తీసినవాళ్లను అక్క లేపి మరీ పంపించేది.

ఆ రోజే సారు కాకా తొట్టి కూడా చూశారు. చూసి, చుట్టుపక్కల ఉన్న యాసిడ్ సీసాలన్నిటినీ ముందు బయట పెట్టించారు. ఆ నీళ్లలో సైనైడ్ ఉంటుందని, అందులో యాసిడ్ పడితే లేచే గాలి షెడ్డులో ఒక్కరినీ మిగల్చదని చెప్పారు. కాకా నిలబడ్డచోటే నిలబడిపోయారు. ఇరవై ఏళ్లు ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టుకుని పనిచేశారు మరి.

తొట్టి ఖాళీ చేయడానికి చాలా రోజులు పట్టింది. సారు కాలేజీ అయ్యాక సైకిలు మీద వచ్చేవారు. ముందు సైనైడ్‌ను చంపాలి, తర్వాత లోహాన్ని పట్టుకోవాలి అనేవారు. కొంచెం కొంచెం నీళ్లు తీసి, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కర్రతో తిప్పి, వదిలేసి, మరునాడు పరీక్ష చేసేవాళ్లం. ముక్కుకు తడి గుడ్డలు కట్టుకుని నేనూ, కాకా, ఒక్కోసారి ఓనరు కూడా కర్ర పట్టుకునేవాళ్లం. పరీక్షలో సైనైడ్ లేదని తేలిన నీళ్ల అడుగున మడ్డి దిగేది. దాన్ని వడకట్టి ఎండబెట్టేవాళ్లం. ఒక్క తొట్టి నీళ్లలోని విషాన్ని చంపడానికి ఇంత మంది, ఇన్ని రోజులు పడుతుందని నేనెన్నడూ అనుకోలేదు. అన్ని రోజుల నీళ్లకు చివరికి మిగిలిన మడ్డి ఒక తట్టెడు కూడా లేదు. ఇరవై ఏళ్ల మెరుపంతా ఆ బూడిదరంగు పొడి దగ్గర ఆగింది.

ఆ తర్వాత కాకా జింకు పని ఒక్కటే చేశారు, చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని. ఆయన ఒంట్లో అప్పటికే ఎంత చేరిందో చెప్పే పరీక్ష మా ఊరి దవాఖానలో లేదు. అయినా ఓనరు ఏడాదికోసారి ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరుకు చూపించేవారు. నాకు తెలిసినంతవరకు ఆయన డెబ్బై దాటి బతికారు.

ఎనభైల చివర్లో టీచర్ ఉద్యోగం వచ్చి నేను షెడ్డు వదిలేశాను. అక్క మాత్రం తనిఖీ బల్ల దగ్గర ఇంకా చాలా ఏళ్లు పనిచేసింది. కాలేజీ నుంచి సారు పంపిన పిల్లలు వస్తే, ముప్పై లగ్గులు పోయించి కళ్లు మూసుకుని వేరు చేసి చూపించేదట.

తొట్టిలో మిగిలిన ఆ మడ్డిని సిమెంటులో కలిపి ఒక ఇనుప డ్రమ్ములో పోసి, మూత అతికించి, ఎర్ర రంగు వేయించాం. దాన్ని ఎక్కడికి పంపాలో అడుగుతూ ఓనరు సర్కారు ఆఫీసులకు నాతో చాలా ఉత్తరాలు రాయించారు. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి తన గోదాములో ఒక మూలన ఇటుకలు పేర్చి, దాని మీద పెట్టించారు. వానాకాలం ముందు ప్రతి ఏడూ తానే వెళ్లి, టార్చిలైటు పట్టుకుని, ఎక్కడైనా పగులు వచ్చిందేమోనని చుట్టూ తిరిగి చూసేవారు. ఆ డ్రమ్ము అక్కడ ఉందని గోదాములో ఒక్క గింజ ధాన్యం కూడా పెట్టనివ్వలేదు.